చేతికందే ఎత్తు

విగ్రహాల మేస్త్రి షెడ్డులో మూడే మూడు ఒళ్ళున్నాయి. మొదటిది వేలు చూపించే ఒళ్ళు. కుడి చెయ్యి పైకెత్తి, దూరంగా ఎక్కడికో దారి చెబుతున్నట్టు నిలబడి ఉంటుంది. నాయకులందరికీ అదే. రెండోది పుస్తకం ఒళ్ళు, చదువుకున్నవాళ్ళకీ బళ్ళు పెట్టించినవాళ్ళకీ. మూడోది శాలువా ఒళ్ళు. ఆడవాళ్ళందరికీ కలిపి అదొక్కటే. మూడింటి ప్లాస్టరు అచ్చులూ గోడవారగా గోనెపట్టాలు కప్పుకుని ఉంటాయి. ఎవరి విగ్రహం కావాలన్నా తల మాత్రమే కొత్తగా చేస్తాడు మేస్త్రి. మెడ దగ్గర అతుకు కాలరు కింద దాక్కుంటుంది.

ఒకసారి ఆరబెట్టిన తలలు రెండు తారుమారయ్యాయి. లైబ్రరీ పెట్టించిన పెద్దమనిషి పుస్తకం పట్టుకోవలసినవాడు కాస్తా వేలెత్తి రోడ్డు మీదికి చూపిస్తూ పదకొండేళ్ళుగా నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన భార్య మాత్రం ముసుగు తీసిన రోజున చూసి, "బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఎదురు చెప్పలేదు. పోయాక ధైర్యం వచ్చింది" అని నవ్విందట.

మేస్త్రికి కొన్ని లెక్కలున్నాయి. తొమ్మిదడుగుల దిమ్మ మీద నిలబెట్టిన మనిషి తల కిందనుంచి చూస్తే చిన్నదైపోతుంది. అందుకని తలని పావువంతు పెద్దది చెయ్యాలి. కిందనుంచి కనపడని చోట చేతులు నొప్పి పెట్టుకోకూడదు. నడినెత్తి గరుగ్గా వదిలెయ్యాలి. చెవుల వెనక మట్టి మెత్తి ఊరుకోవాలి. అరచేతుల్లో గీతలు అక్కర్లేదు.

"పైనుంచి చూసేవి కాకులే. నచ్చితే అవి ఏం చేస్తాయో, నచ్చకపోయినా అదే చేస్తాయి" అనేవాడు.

ఆయన కూతురు బొమ్మలు చెయ్యడం కాలేజీలో చదువుకుని ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమె వాటాకి వచ్చినవి గుండీలు, మీసాలు, కళ్ళజోళ్ళు. మీసం దిద్దుతూ ఆమె ఎప్పుడైనా, "నాన్నా, ఈయన భుజాలు ఇంత వెడల్పు కాదుగా, ఫోటోలో సన్నగా ఉన్నాడుగా" అంటే, మేస్త్రి తలెత్తకుండానే, "విగ్రహమయ్యాక అందరూ ఒళ్ళు చేస్తారమ్మడూ" అనేవాడు. పక్కనే సిమెంటు కలుపుతున్న ముసలాయన కిసుక్కుమనేవాడు. ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ సిమెంటు కలపడం ఆయన పని. అందరూ సిమెంటు బాబాయ్ అంటారు. ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది బట్టల మిల్లు కార్మిక సంఘం సెక్రటరీ ఒక పొద్దున్నే వచ్చాడు. మిల్లు క్వార్టర్స్‌లో ముప్ఫయ్యెనిమిదేళ్ళు నర్సుగా చేసినావిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. క్వార్టర్స్‌లో పుట్టిన వాళ్ళలో సగం మందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే. అందరికీ నర్సక్క. ఆవిడ విగ్రహం మిల్లు ఆసుపత్రి గేటు ముందు పెట్టాలని సంఘం తీర్మానం చేసింది.

"దిమ్మ కట్టేశాం మేస్త్రీ. తొమ్మిదడుగులు. గ్రానైట్ పలకలు కూడా అంటించేశాం. నువ్వు నర్సక్కని తెచ్చి పైన నిలబెట్టడమే తరువాయి" అన్నాడు సెక్రటరీ.

"ఫోటో?"

సెక్రటరీ జేబులోంచి ఆసుపత్రి గుర్తింపు కార్డు తీశాడు. తపాలాబిళ్ళంత ఫోటో. గడ్డం మీదుగా ఆఫీసు ముద్ర పడింది.

"ఇంతేనా?"

"ఆవిడకి ఫోటో తీయించుకునే తీరికెక్కడిది? వాళ్ళ చెల్లెలు ఉంది. తల తయారయ్యాక తీసుకొస్తా, పోలిక వచ్చిందో లేదో చెబుతుంది."

పది రోజులకి తల తయారయింది. శాలువా ఒంటి మీదకి మట్టితోనే ఎక్కించి పెట్టాడు మేస్త్రి. సెక్రటరీ అన్నమాట ప్రకారం చెల్లెల్ని తీసుకొచ్చాడు. నర్సక్క చెల్లెలు కాబట్టి క్వార్టర్స్ అంతటికీ ఆమె చిన్నక్క. అరవై దాటిన మనిషి. సెక్రటరీ మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కర్ర నేలకి ఆనించి చూసుకుంటూ గుమ్మం దాటి వచ్చింది. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయిందని సెక్రటరీ అప్పుడు చెప్పాడు.

మేస్త్రి సెక్రటరీని పక్కకి లాగి, "చూడ్డానికి పిలుచుకొచ్చింది ఈవిడనా? ముందు చెప్పొద్దూ?" అని గొణిగాడు.

"నాకు చెవులు బాగానే పనిచేస్తాయి మేస్త్రిగారూ" అంది చిన్నక్క. "చూస్తాను. ఎక్కడానికి ఏదైనా వెయ్యండి."

మేస్త్రి కూతురు స్టూలు వేసి, ఎక్కించి, పడిపోకుండా నడుం పట్టుకుంది. చిన్నక్క చేతులు గాల్లో ఒక్క క్షణం వెతుక్కుని మట్టిని తాకాయి. ముఖం మీదికి పోలేదు. నేరుగా కుడిచెవి వెనక్కి పోయాయి. అక్కడ ఆగిపోయాయి.

"చెవి వెనక ఏదీ?"

"ఏముండాలమ్మా?" అన్నాడు మేస్త్రి.

"చెవి వెనక చెవి ఉండాలి కదండీ."

సిమెంటు బాబాయ్ నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. చిన్నక్క చేతులు నడినెత్తి మీదికి వెళ్ళాయి, గరుకు తగలగానే వెనక్కి వచ్చాయి. రెండు అరచేతులతో తలని అటూ ఇటూ పట్టుకుంది, పుచ్చకాయ బరువు చూసినట్టు.

"ఇంత తలే ఉంటే మా అక్క తలుపులో పట్టేది కాదు."

"కిందనుంచి చూస్తే సరిగ్గా కనపడుతుందమ్మా. అదొక లెక్క" అన్నాడు మేస్త్రి.

చిన్నక్క స్టూలు దిగింది. చేతికంటిన మట్టిని కొంగుకి కాకుండా రుమాలు వెతికి తుడుచుకుంది. "చూసేవాళ్ళకి బాగానే ఉంటుంది లెండి. నా సంగతి వదిలెయ్యండి. నా కోసమని మార్చకండి" అంది. కోపంగా కాదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఎంత ఎత్తున పెడతారు?"

"తొమ్మిదడుగుల దిమ్మ చిన్నక్కా. ఊరంతటికీ కనపడుతుంది" అన్నాడు సెక్రటరీ ఉత్సాహంగా.

"అయితే నాకు కాళ్ళు కూడా అందవన్నమాట."

ఆమె వెళ్ళిపోయాక మేస్త్రి ఆ మట్టితల దగ్గరికెళ్ళి, ఎవరూ చూడటం లేదనుకుని, కుడిచెవి వెనక వేలు పెట్టి చూశాడు. కూతురు చూసింది.

మర్నాడు మేస్త్రి కూతురు క్వార్టర్స్‌కి వెళ్ళింది. మూడో వరసలో చివరిది చిన్నక్క ఇల్లు, రెండు గదులు. వెనక సిమెంటు గచ్చు, దాని పక్కన కుళాయి. చిన్నక్క తనే టీ పెట్టింది. గ్లాసు అంచున వేలు ఆనించి, వేడి తగలగానే పొయ్యడం ఆపింది.

"నిన్న నా వల్ల మీ నాన్నగారు చిన్నబుచ్చుకున్నారేమో."

"ఆయన చిన్నబుచ్చుకోవడం మంచిదే, అప్పుడప్పుడూ" అంది అమ్మాయి.

చిన్నక్క నవ్వింది. నవ్వు ఆగాక గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది. "నీకో మాట చెప్పనా తల్లీ? అక్క గొంతు మరిచిపోతున్నాను. మొన్నటిదాకా చెవిలోనే ఉండేది. ఇప్పుడు పక్కింటావిడ మాట్లాడితే ఇలాగే ఉండేదా అనిపిస్తుంది. మీకైతే ఫోటో ఉంటుంది. నాకు ఫోటో అంటే ఏమిటి? నున్నటి కాగితం. విగ్రహం అనగానే నాకు ఆశ పుట్టింది. అది నా తెలివితక్కువ. విగ్రహాలు ముట్టుకోవడానికి కాదని నాకేం తెలుసు, నేనెప్పుడైనా చూశానా?"

అమ్మాయి టీ ఒక గుక్క తాగింది. "అక్క రోజూ ఎలా ఉండేదో చెప్పండి. ముఖం సంగతి కాదు. మీకు తెలిసింది చెప్పండి."

"సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఇదిగో ఈ గచ్చు మీద పొట్టి స్టూలేసుకుని కూలబడేది. కాళ్ళు ఎడంగా చాపి, చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకునేది. పొద్దుటినుంచీ మందునీళ్ళలో కడిగి కడిగి అరచేతులు మండేవట. గాలికి ఆరబెట్టుకునేది. నేను పక్కన మెట్టు మీద కూర్చుని చెయ్యి అందుకునేదాన్ని. వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉంటే, ఇవాళ ఇద్దరు పుట్టారా అనేదాన్ని. కాదే, ముగ్గురు, అనేది. ఇంటికి వచ్చాక అది నా పేపరు. ఆ చేతిలో చదివేదాన్ని."

చిన్నక్క తన అరచెయ్యి తిప్పి మోకాలి మీద పెట్టి చూపించింది. అమ్మాయి అక్కడే, టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ కూర్చోవడాన్ని కాగితం మీద గీసుకుంది.

ఆ సాయంత్రం షెడ్డులో ఆమె తండ్రి ముందు ఆ కాగితం పెట్టింది. మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"కూర్చుందేమిటి?"

"అవును, కూర్చుంది."

"విగ్రహం కూర్చోవడమేమిటే? పన్లేనివాళ్ళలాగా!"

"రోజంతా పనిచేసి కూర్చుంది నాన్నా."

"ఇలా చతికిలబడ్డదాన్ని దిమ్మ మీద పెడితే కిందనుంచి మోకాళ్ళు తప్ప ఏం కనపడతాయి?"

"దిమ్మ మీద కాదు. నేల మీద. మనిషి పక్కన మనిషి కూర్చున్నట్టు."

మేస్త్రి కాగితం మడిచి తిరిగిచ్చేశాడు. "అమ్మడూ, విగ్రహమంటే తలెత్తి చూడాలి. తల దించి చూడ్డానికి అదేమైనా చెప్పుల షాపా?"

"ముట్టుకుని చూడాలనుకునే మనిషి ఎలా చూడాలి?"

"ఒక్క మనిషి కోసం విగ్రహాలు చెయ్యరు."

"మరి ఎందరి కోసం చేస్తారు? లైబ్రరీ ముందాయన పుస్తకం పట్టుకోకుండా వేలు చూపిస్తున్నాడని పదకొండేళ్ళలో ఆయన భార్యకి తప్ప ఒక్కరికీ తెలీలేదు. ఎవరి కోసం చేశావది?"

ఆ మాట తగలకూడని చోట తగిలింది. మేస్త్రి ముఖం ముడుచుకుని బయటికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తిరిగొచ్చి, "మట్టి ఊరికే పడుంది. ఆడుకుంటే ఆడుకో. నా పని నాది" అన్నాడు.

అలా షెడ్డులో ఇద్దరు నర్సక్కలు మొదలయ్యారు. ముందు వైపు తండ్రి చేస్తున్న నర్సక్క శాలువా కప్పుకుని, నిటారుగా, దూరంగా ఎటో చూస్తూ. వెనక మూల కూతురు చేస్తున్న నర్సక్క పొట్టి స్టూలు మీద. ఇనపచువ్వలు వంచి, తీగ చుట్టి, మట్టి పెట్టుకుంటూ వచ్చింది అమ్మాయి. రోజూ మధ్యాహ్నం చిన్నక్క కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేది. మట్టి మీద చేతులు వేసి తీర్పు చెప్పేది.

"ఈ భుజం దించు."

"దించాను."

"ఇంకా. సంచీ ఎప్పుడూ ఈ వైపే. ముప్ఫయ్యెనిమిదేళ్ళ సంచీ అది."

"ఇప్పుడు?"

"ఆఁ. ఇప్పుడు వీపు కూడా వంగాలి, లేకపోతే భుజానికి జబ్బు చేసినట్టుంది."

చెవి వెనక అమ్మాయి ఒక పూటంతా పనిచేసింది. నర్సక్క అక్కడ పెన్సిలు పెట్టుకునేదట, ఏళ్ళ తరబడి. చెవి పైభాగం కొంచెం ముందుకి వాలి ఉండేదట. ఆ వాలు కోసం అమ్మాయి కళ్ళు మూసుకుని చెయ్యడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచి చేస్తే చూడ్డానికి అందంగా వస్తోంది, చిన్నక్క తాకితే అబద్ధం అవుతోంది. కాలేజీలో మూడేళ్ళు చూపుకి సానపట్టి వచ్చిన పిల్ల, ఇప్పుడు రెప్పలు దించుకుని వేళ్ళతో వెతుక్కుంటోంది. వేళ్ళకి తెలిసే సంగతులు వేరే ఉన్నాయి. బుగ్గ ఎంత మెత్తగా ఉందో కంటికి ఒక్క చూపులో తెలుస్తుంది. కానీ బుగ్గ ఎక్కడ ఆగి దవడ ఎక్కడ మొదలవుతుందో వేలు అడుగుతుంది. కన్ను అడగదు.

సిమెంటు బాబాయ్ మేస్త్రి దగ్గర చేరి, "మీ నర్సక్క డ్యూటీలో ఉంది, అమ్మాయి నర్సక్క డ్యూటీ దిగింది. ఇద్దరిలో నాకు ఈ రెండో ఆవిడే పరిచయం అనిపిస్తోంది" అన్నాడు.

"నువ్వు సిమెంటు చూసుకో బాబాయ్."

"అదే చూస్తున్నా. రెండిటికి సరిపడా కలపాలా, ఒకదానికా?"

మేస్త్రి వెనక్కి తిరిగి శాలువా మడతలు దిద్దడం మొదలుపెట్టాడు.

అంతా కుదిరింది గానీ చెయ్యి కుదరలేదు. ఎడమచెయ్యి ఎలాగో వచ్చింది. కుడి అరచెయ్యి మూడుసార్లు చేసింది, మూడుసార్లూ చిన్నక్క దాన్ని పట్టుకుని వదిలేసింది. మొదటిసారి, "ఇది చదువుకున్న చెయ్యి" అంది. రెండోసారి, "ఇది లావు చెయ్యి, బలమైన చెయ్యి కాదు" అంది. మూడోసారి మెల్లిగా షెడ్డు వెనక గుమ్మం మెట్టు వెతుక్కుని కూర్చుంది.

"అమ్మాయ్, నేను దీన్ని కూడా మరిచిపోతున్నానేమో. నువ్వు సరిగ్గానే చేశావేమో. నాకే గుర్తులేదేమో."

అమ్మాయి చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. ముందు వైపునుంచి రాపిడి చప్పుడు ఆగింది. మేస్త్రి వచ్చాడు. ఎప్పుడూ ఆ మూలకి రాని మనిషి. ఆ మట్టిచేతిని వంగి చూశాడు, బొటనవేలి మొదట్లో నొక్కాడు.

"ఇక్కడ తప్పుంది. రోజూ తడిలో పనిచేసే చెయ్యి, గట్టిగా పట్టుకునే చెయ్యి, దీనికి ఈ కండ ఇలా మెత్తగా ఉండదు. గడ్డలాగా కూడదీసుకుని ఉంటుంది. చర్మం పల్చబడి పగుళ్ళు వస్తాయి." ఆగి, తన కుడిచెయ్యి సిమెంటు పొడితో అలాగే చాపాడు. "ఇదిగోమ్మా. ఇలా ఉండేదా చూడండి."

చిన్నక్క ఆ చేతిని రెండు చేతులతో అందుకుంది. వేళ్ళు బొటనవేలి మొదట ఆగాయి, కండని నొక్కాయి, అరచేతి మధ్యకి జారాయి, పగుళ్ళ మీదుగా నెమ్మదిగా వెళ్ళి, చిటికెనవేలి కింద గట్టిపడ్డ చోట ఆగాయి. ఆమె ముఖం మారిపోయింది.

"ఇదే" అంది. "ఇక్కడ ఇలాగే ఉండేది."

ఆమె చెయ్యి వదల్లేదు. మేస్త్రీ లాక్కోలేదు. భార్య పోయి ఆరేళ్ళయింది, ఆ ఆరేళ్ళలో ఆ చేతిని సిమెంటు తప్ప ఎవరూ పట్టుకున్నది లేదు. ఆయన రేకుల కప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. సిమెంటు బాబాయ్ అవసరం లేకపోయినా కుళాయి తిప్పడానికి వెళ్ళాడు.

ఆ తర్వాత రెండు రోజులు మేస్త్రి షెడ్డులో పని ఆపి పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని. కూతురు ఎదురుగా కూర్చుని ఆయన అరచేతిని మట్టిలోకి దింపుతోంది. గీత గీతా, పగులు పగులూ.

"కదలకు నాన్నా."

"ముక్కు దురదపెడుతోందే."

"విగ్రహాలకి దురద ఉండదు మేస్త్రీ" అన్నాడు సిమెంటు బాబాయ్. "కాకి వాలినా కదలకూడదు."

"నాకూ రోజులొస్తాయి బాబాయ్."

"వచ్చాయి కదా, కూర్చున్నావు."

అంత కిందనుంచి మేస్త్రి తన షెడ్డుని ఎప్పుడూ చూడలేదు. గోడవార మూడు ఒళ్ళూ ఎత్తుగా, తలల్లేకుండా, ఎవరొస్తారా అని ఎదురుచూస్తున్నట్టున్నాయి. ఎదురుగా కూతురు, కళ్ళు సగం మూసుకుని, కింది పెదవి పంటితో నొక్కి పట్టుకుని ఉంది. ఆమె వేళ్ళు ఆయన చేతిని తాకి మట్టి మీదికి వెళ్తున్నాయి, మళ్ళీ ఆయన చేతి మీదికి వస్తున్నాయి, తప్పిపోయినదేదో ఒక చోటినుంచి తీసి ఇంకో చోట పెడుతున్నట్టు.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావే?"

"గుండీలు చేస్తున్నప్పుడు" అంది కూతురు.

ఆయన నవ్వాడు. నవ్వితే చెయ్యి కదిలింది. మళ్ళీ తిట్లు తిన్నాడు.

సెక్రటరీ విగ్రహం ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చేసరికి వెనక మూల నర్సక్క పూర్తయింది. మట్టి మీద తడిబట్ట తీసి చూపించారు. సెక్రటరీ దాని చుట్టూ తిరిగాడు. ముందుకొచ్చాడు, వెనక్కెళ్ళాడు.

"ఇదేంటి మేస్త్రీ? నిలబడ్డది కదా మనం అనుకున్నది? దిమ్మ కట్టేశాంగా! జనం ఏమంటారు? నర్సక్కని నేల మీద కూర్చోబెట్టారు అనరూ? అందరినీ పైన నిలబెట్టి ఆవిడనొక్కదాన్నీ కింద కూర్చోబెడితే అది గౌరవమా?"

ఆ మాటలో న్యాయం ఉంది. అమ్మాయికీ తెలుసు. ఆమె నోరు తెరిచేలోగా మెట్టు మీదనుంచి చిన్నక్క, "ఒరే సెక్రటరీ, ఆ కుడిచెయ్యి ఒకసారి పట్టుకో" అంది.

"మట్టి అంటుతుంది చిన్నక్కా."

"నువ్వు పుట్టినప్పుడు మా అక్కకి అంతకన్నా ఎక్కువే అంటింది. పట్టుకో."

సెక్రటరీ సిగ్గుపడుతూ వంగి, వెల్లకిలా ఉన్న ఆ అరచేతిలో తన చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు చటుక్కున లాక్కుని, మోచేతి పైభాగం ఇంకో చేత్తో పట్టుకున్నాడు. నలభయ్యేళ్ళ మనిషి, యాజమాన్యంతో బల్ల గుద్ది మాట్లాడే మనిషి.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"ఏం లేదు." సెక్రటరీ నవ్వడానికి చూశాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "సూది వేసేముందు ఇలాగే చెయ్యి చాపేది. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి నాన్నా అనేది. ఒంగి మన ఎత్తుకి వచ్చేది." మట్టంటిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "ఆవిడ ఎప్పుడూ నాకు పైనుంచి మాట్లాడినట్టు గుర్తులేదు."

చివరికి సెక్రటరీ మేస్త్రి వైపు తిరిగాడు. "పేరు నీది పడుతుంది. నువ్వు చెప్పు. ఏది పంపిస్తావు?"

చిన్నక్క కర్ర మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఈ మనిషి కాదంటే ఆ మట్టి మళ్ళీ తొట్టిలోకి వెళ్ళిపోతుంది, దానితోపాటు ఆ భుజం, ఆ చెవి, ఆ చెయ్యి.

మేస్త్రి ముందు వైపు వెళ్ళి, శాలువా కప్పుకున్న తన నర్సక్క ముందు నిలబడ్డాడు. "ఇందులో పనితప్పేం లేదు. శుభ్రంగా వచ్చింది. కానీ ఇది ఎవరైనా కావచ్చు. రేపు ఇంకో ఆవిడ పోతే తల మార్చి ఆవిడని కూడా చెయ్యొచ్చు. చేస్తాను కూడా. అది..." వెనక మూలకి చెయ్యి చూపించాడు. "దానికి అచ్చు తీసి దాచుకున్నా ఇంకెవరికీ పనికిరాదు. దాన్నే పంపిస్తాను. పేరు నాది పడదు. మా అమ్మాయిది పడుతుంది."

"మరి దిమ్మ?"

"ఉండనీ. ఎవరినీ నిలబెట్టకపోతే మధ్యాహ్నం దాని నీడన ఆసుపత్రికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు."

"రంగు?" అన్నాడు సిమెంటు బాబాయ్. "పదిమంది చేతులు పడితే కంచు రంగు ఆర్నెల్లు ఉండదు."

"రంగు వద్దు. ముడి సిమెంటే. రాయి పెట్టి నున్నగా రుద్దుదాం. చేతులు పడ్డకొద్దీ అదే మెరుస్తుంది. రుద్దేది నేను." కాస్త ఆగి, "వీపు కూడా" అన్నాడు.

ముసుగు తీసే రోజున జనానికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. అలవాటుగా వచ్చి దిమ్మ ముందు నిలబడి పైకి చూశారు, పైన ఎవరూ లేరు. పక్కకి చూస్తే, గేటు పక్కన వేపమొక్కకి రెండడుగుల ఇవతల, బట్ట కప్పుకుని పొట్టిగా ఏదో ఉంది. వెనకవాళ్ళకి ఏమీ కనపడక గోల చేశారు. "ఏదీ? ఎక్కడా? కూర్చుందా? ఎవరు కూర్చున్నారు?" ఒకాయన, "ఇదేం విగ్రహమయ్యా, మా అత్త వాకిట్లో కూర్చున్నట్టుంది" అన్నాడు పైకే. సెక్రటరీ అది విని ముఖం మాడ్చుకున్నాడు. మేస్త్రి మాత్రం కూతురి చెవిలో, "దీన్ని మించిన మెప్పు నాకెప్పుడూ రాలేదే" అన్నాడు.

బట్ట తీశారు. చప్పట్లు ఒకేసారి రాలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కొందరు చూస్తూ ఉండిపోయారు. ఒకావిడ ముందుకొచ్చి, నర్సక్క దిగిన భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తప్పు చేసినట్టు తీసేసుకుంది. ఎవరూ వద్దనలేదు. మళ్ళీ వేసింది. ఆ తర్వాత వరస కట్టమని ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు.

చిన్నక్క తన వంతు వచ్చేదాకా పక్కన నిలబడి ఉంది. అమ్మాయి వచ్చి పిలిచింది. "అందరూ అయిపోయారు చిన్నక్కా. రండి."

చిన్నక్క కర్ర అమ్మాయికి ఇచ్చేసింది. చేతులు ముందు కుడిచెవి వెనక్కి వెళ్ళాయి. అక్కడ చెవి ఉంది, పెన్సిలు బరువుకి వాలిన చెవి. మెడ వెనక ఎముక తగిలింది. భుజం. భుజం మీదనుంచి నెమ్మదిగా మోచెయ్యి, మణికట్టు. చివరికి అరచెయ్యి. పట్టుకున్నదల్లా ఉలిక్కిపడింది.

షెడ్డులో ఎన్నిసార్లు పట్టుకున్నా తడిమట్టి చల్లగానే ఉండేది. అచ్చు విప్పాక సిమెంటూ చల్లగానే ఉంది. అది ఆమె మనసులో ఉండేది. అన్నీ కుదిరినా ఆ చల్లదనం ఉంటుందని ముందే సర్దిచెప్పుకుని వచ్చింది. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు పొద్దుటినుంచీ ఎండలో ఉండి ఉండి, సాయంత్రానికి ఆ అరచెయ్యి వెచ్చగా ఉంది.

ఆమె అమ్మాయి వైపు తిరిగింది. ఆ చెయ్యి వదలకుండానే, కాలితో వెతుక్కుని, విగ్రహం పక్కన కట్టిన చిన్న మెట్టు మీద కూర్చుంది. రెండో చెయ్యి కూడా దాని మీద పెట్టింది.

సెక్రటరీ మైకు సర్దుకుని, రాసుకొచ్చిన కాగితం విప్పి, "సోదర సోదరీమణులారా" అన్నాడు. మేస్త్రి వెళ్ళి మైకు వైరు పీకేశాడు.

"ఏంటి మేస్త్రీ?"

"తర్వాత చదువుదువుగాని. పదండయ్యా, అందరూ కాస్త అటు పదండి. మీరు కూడానమ్మా. అటు, దిమ్మ నీడలోకి. పదండి."

జనం గునుస్తూనే కదిలారు. అమ్మాయి కర్ర పట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. వెనక, చిన్నగొంతుతో చిన్నక్క మొదలుపెట్టిన మాటల్లో మొదటిది మాత్రం ఆమెకి వినపడింది.

"కుళాయి మళ్ళీ పాడైందే అక్కా. ఎవరికి చెప్పినా రాలేదు."